సారవాక్ వర్షారణ్యాలకు ఎలా వెళ్లాలి? ముందు లాంగ్‌హౌస్, ఆ తర్వాతే అడవి

బోర్నియో ప్రయాణం అనుకోగానే చాలామంది జంతువుల జాబితాతో మొదలుపెడతారు. ఒరాంగుటాన్, పొడవు ముక్కు కోతి, గుహలోంచి బయటికొచ్చే గబ్బిలాలు అన్నీ అందులో చేరతాయి. అక్కడి జనం ఒకే కప్పు కింద వరుసగా కాపురాలుండే పొడవాటి ఇల్లు, అంటే లాంగ్‌హౌస్‌కు మాత్రం చివర్లో మిగిలిన ఓ సాయంత్రం దక్కుతుంది. మలేషియాలోని సారవాక్ రాష్ట్రానికి వెళ్లేవారు ఈ వరుసను తిరగేసుకోవడం మంచిది. జంతువులు ఏ రోజు వెళ్లినా కనిపిస్తే కనిపిస్తాయి, లేకపోతే లేదు. లాంగ్‌హౌస్ అలా కాదు. అక్కడ కుటుంబాలు కాపురం ఉంటాయి. ముందుగా కబురు పంపాలి, వాళ్లు సరేననాలి. అందుకే ఆ తేదీ ఖాయం చేసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోండి.

1. కాలం చూసుకోండి

సారవాక్‌లో ఏడాది పొడవునా వాన పడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మరీ ఎక్కువ. అప్పుడు సముద్రం పోటెత్తి పడవలు ఆగిపోతుంటాయి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కొంత తెరిపి ఉంటుంది. ఆగస్టు తర్వాత కొన్నేళ్లలో అడవులు తగలబడిన పొగ ఆకాశాన్ని కమ్మేస్తుంది.

జూన్ 1, 2 తేదీల్లో గావై దాయక్ పండుగ జరుగుతుంది. వరి కోతల తర్వాత ఇబాన్, బిదాయూ అనే స్థానిక జాతుల ప్రజలు చేసుకునే పెద్ద పండుగ ఇది. పట్నాల్లో ఉద్యోగాలు చేసేవారంతా సొంత లాంగ్‌హౌస్‌కు చేరుకుంటారు. ఎవరైనా పిలిస్తే తప్పకుండా వెళ్లండి. పిలుపు లేకుండా వెళ్లేవారికి మాత్రం ఆ వారం బస్సులూ దొరకవు, గైడ్లూ దొరకరు.

2. ఎవరి ఇంటికి వెళ్లాలో తేల్చుకోండి

సారవాక్‌లో ఇరవైకి పైగా జాతులున్నాయి. అందరినీ ఒకే ప్రయాణంలో చూసేయాలనుకుంటే ఎవరినీ చూడనట్టే. ఒక్క ప్రాంతం ఎంచుకోండి.

తీరిక తక్కువగా ఉంటే రాష్ట్ర రాజధాని కూచింగ్‌కు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని అన్నా రాయిస్‌కు వెళ్లండి. అది బిదాయూల ఊరు. వెదురు పరిచిన అరుగులు, పూర్వం తలల వేట కాలంలో తెచ్చిన పుర్రెలను దాచిన ఇల్లు చూడొచ్చు. టికెట్టు కొని లోపలికి వెళ్లే పద్ధతి ఉంది కాబట్టి, కబురు పంపకుండా వెళ్లినా ఇబ్బంది లేదు. పుర్రెలను ముట్టుకోవద్దు, వాటి పక్కన నిలబడి వెకిలి ఫొటోలు దిగొద్దు.

రెండు రాత్రులైనా కేటాయించగలిగితే బతాంగ్ ఆయ్ నది వైపు వెళ్లండి. కూచింగ్ నుంచి నాలుగు గంటలు దాటిన రోడ్డు ప్రయాణం, ఆ తర్వాత ఇంజను బిగించిన సన్నని పడవ. నీళ్లు తగ్గిన చోట ముందు కూర్చున్న మనిషి గెడ వేసి పడవను రాళ్ల మధ్య నుంచి తప్పిస్తాడు, ఒక్కోసారి దిగి తోస్తాడు. అక్కడుండేది ఇబాన్లు. సారవాక్‌లో అన్నిటికంటే పెద్ద జాతి వాళ్లదే.

ఎత్తైన ప్రాంతం కావాలంటే కెలాబిట్ జాతివాళ్లుండే బరియో. సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది, చల్లగా ఉంటుంది, చిన్న విమానంలో వెళ్లాలి. అక్కడి సన్న బియ్యానికి రాష్ట్రమంతటా పేరుంది.

3. కాగితాల పని

మలేషియాకు వచ్చే విదేశీయులు ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని గుర్తించండి. మరో సంగతి: 1963లో మలేషియాలో చేరినప్పటి ఒప్పందం వల్ల సారవాక్ తన వలస నియంత్రణను తానే చూసుకుంటుంది. కౌలాలంపూర్‌లో ముద్ర పడినా కూచింగ్‌లో దిగగానే మళ్లీ పాస్‌పోర్టు చూపాలి. దేశీయ విమానమే కదా అని దాన్ని పెట్టెలో పడేయకండి.

4. మొదటి రోజు కూచింగ్‌లో

2022లో తెరిచిన బోర్నియో కల్చర్స్ మ్యూజియంలో సగం రోజు గడపండి. సాపే అనే తంత్రీవాద్యాన్ని, ఇబాన్ల పువా కుంబు వస్త్రాన్ని అక్కడ ముందే చూసి ఉంటే, తర్వాత లాంగ్‌హౌస్ వసారాలో ఎవరైనా అదే వస్త్రం నేస్తూ కనిపించినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. నేయక ముందే పోగులను కట్టలుగా ముడివేసి రంగులో ముంచడం, ఆరబెట్టి మళ్లీ ముడివేయడం, ఒక్క వస్త్రం వెనుక నెలల పని ఉంటుంది. నేసిన మనిషి దగ్గరే కొనండి. గీచి గీచి బేరమాడకండి.

5. లాంగ్‌హౌస్‌లో ఎలా మెలగాలి

ఇబాన్ లాంగ్‌హౌస్‌కు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే ఉమ్మడి వసారా ఉంటుంది. దాన్ని రువాయ్ అంటారు. దాని వెంట వరుసగా తలుపులు, ఒక్కో తలుపు వెనుక ఒక్కో కుటుంబం. ఇంటి పరిమాణాన్ని తలుపుల లెక్కలోనే చెబుతారు. వెళ్లే ముందు గైడును అడగాల్సిన మొదటి ప్రశ్న, ఎన్ని తలుపులు అని.

ఎందుకంటే కానుకలు ఆ లెక్కనే తేవాలి. బియ్యం, కాఫీ, చక్కెర, వంటనూనె లాంటివి ఇంటి పెద్ద చేతికిస్తే, వాటిని చాప మీద పోసి తలుపుకో కుప్ప చొప్పున సమానంగా పంచుతారు. పది కుప్పలు పడాల్సిన చోట ఏడుకే సరిపోతే అందరి ముందూ మాట పడేది ఇంటి పెద్దకు. పిల్లలకు విడిగా మిఠాయిలు, డబ్బులు పంచడం మంచి అలవాటు కాదు.

మెట్లెక్కాక చెప్పులు విప్పండి. ముందు తువాయ్ రుమా, అంటే ఇంటి పెద్ద దగ్గరకు వెళ్లి కూర్చోండి, ఫొటోలు ఆ తర్వాత. వసారా అందరిదీ, తలుపు వెనుకది మాత్రం సొంత గది. పిలవకుండా లోపలికి తొంగిచూడకండి. ఇంట్లో చావు జరిగి సంతాపం పాటిస్తుంటే అతిథులను రానివ్వకపోవచ్చు. దారి మధ్యలో ఉన్నా సరే, మారు మాట్లాడకుండా వెనక్కి తిరగండి.

సాయంత్రం తువాక్ వస్తుంది. బియ్యాన్ని పులియబెట్టి ఇంట్లోనే చేసే తియ్యని మద్యం అది. తాగనివారు గ్లాసును అందుకుని, పెదవులకు తాకించి, నవ్వుతూ తిరిగిచ్చేస్తే మర్యాద దక్కుతుంది. అసలు అందుకోకుండా చెయ్యి అడ్డం పెట్టడమే తప్పు. తాగేవారికి ఒక హెచ్చరిక: తీపి కదా అని మోసపోతే మర్నాడు పడవ ఎక్కలేరు.

ఈకల కిరీటం పెట్టుకున్న యోధుణ్ణి ఊహించుకుని వెళితే నిరాశే మిగులుతుంది. రేకుల కప్పు, టీవీ, ఫోను చూసుకుంటున్న కుర్రాళ్లు కనిపిస్తారు. చాలామంది క్రైస్తవులు. యువతలో ఎక్కువమంది మిరి, బింతులు లాంటి పట్నాల్లో పని చేస్తారు. ఆ వసారాలో ఇప్పుడు ఎవరు మిగిలారు, పొలం ఎవరు చూస్తున్నారు అని అడిగి చూడండి, రాత్రంతా మాటలు సాగుతాయి.

6. ఇక అడవి

కూచింగ్‌కు దగ్గరలోని బాకో జాతీయ ఉద్యానవనం 1957 నాటిది, రాష్ట్రంలో మొదటిది. చివరి భాగం పడవలోనే వెళ్లాలి, పోటు తగ్గినప్పుడు మోకాలి లోతు నీళ్లలో దిగి నడవాలి. పొడవు ముక్కు కోతుల కోసం ఒక రాత్రి అక్కడే ఉండటం మేలు. పగటి పడవలు వెళ్లిపోయాక సాయంత్రం అవి మడ చెట్లలోకి దిగుతాయి. భోజనశాల దగ్గర తిరిగే మకాక్ కోతులు మాత్రం దొంగలు, సంచీ జిప్పు తీయడం వాటికి తెలుసు.

సెమెంగో కేంద్రంలో ఒరాంగుటాన్లకు రోజుకు రెండు పూటలు మేత పెడతారు. అడవిలో పండ్లు దండిగా ఉన్న రోజుల్లో అవి రావు. అది అడవికి మంచి వార్త కాబట్టి గైడు మీద విసుక్కోకండి.

గునుంగ్ ములూ జాతీయ ఉద్యానవనం 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి డీర్ కేవ్ నుంచి సంధ్యవేళ లక్షల గబ్బిలాలు మెలికలు తిరుగుతూ బయటికొస్తాయి. వాన పడితే రాకపోవచ్చు, అందుకే రెండు సాయంత్రాలు పెట్టుకోండి. సున్నపురాతి శిఖరాలైన పినకిల్స్ ఎక్కే దారి పొడవు 2.4 కిలోమీటర్లే, కానీ ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 1,200 మీటర్లు. చివర్లో వరుసగా నిచ్చెనలు. మోకాళ్లు బాగాలేనివారు దాన్ని వదిలేయండి. ఉద్యానవనం పక్కనే పెనాన్ జాతివాళ్ల నివాసం బతు బుంగన్ ఉంది. వాళ్లు అల్లిన రట్టన్ (పేము) బుట్టలు గట్టివి.

7. ఒంటి జాగ్రత్తలు

జలగల కోసం మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ మేజోళ్లు తొడుక్కోండి. పట్టుకున్న జలగను గోటితో పక్కకు నెడితే ఊడిపోతుంది. బోర్నియోలో కోతుల నుంచి దోమల ద్వారా మనుషులకు వచ్చే మలేరియా ఉంది, వెళ్లే ముందు డాక్టరును అడగండి. 2017 నుంచి సారవాక్‌లో రేబిస్ కూడా ఉంది. లాంగ్‌హౌస్‌లో కాళ్ల చుట్టూ తిరిగే కుక్కపిల్ల ఎంత ముద్దుగా ఉన్నా నిమరకండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, అదే రోజు ఆసుపత్రికి చేరండి.

లోపలి ఊళ్లకు మలేషియా డబ్బు, అంటే రింగిట్లు చిన్న నోట్లుగా తీసుకెళ్లండి. ములూ, బరియో విమానాలు వాతావరణం బాగాలేకపోతే ఎగరవు. అక్కడి నుంచి తిరిగి వచ్చే రోజుకూ, సొంత దేశానికి విమానం ఎక్కే రోజుకూ మధ్య కనీసం ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి.