పైపు గ్యాస్ కార్బన్ లెక్క తప్పుతోందా? ముందు మీటరు చూడండి

బరంపురంలో హోటళ్లకీ మిఠాయి దుకాణాలకీ ఖాతాలు రాయడం నా పని. క్యాటరింగ్ ఆర్డర్లిచ్చే పెద్ద కంపెనీలు ఇప్పుడు "నెలకి ఎంత గ్యాస్ కాల్చారు, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారు?" అని రాతపూర్వకంగా అడుగుతున్నాయి. సిలిండర్ మాని పైపు గ్యాస్ పెట్టించుకున్న వంటశాలల్లో ఈ లెక్క తప్పే చోట్లు దాదాపు ఒకటే. ముందుగా ఒక కొండగుర్తు: బిల్లులో ఉండే ఒక ఎస్‌సీఎం, అంటే ఒక ప్రామాణిక ఘనపు మీటరు సహజవాయువు కాలితే సుమారు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ జవాబు దీనికి బాగా దూరంగా ఉంటే ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఒక్క నెలలో వాడకం రెట్టింపైంది

ఒక టిఫిన్ హోటల్లో నెలకి 410 ఘనపు మీటర్లు ఉండాల్సింది 810 వచ్చింది. "ఎక్కడో లీకవుతోందండీ" అని యజమాని రెండు రోజులు టెన్షన్ పడ్డారు. రీడింగు పుస్తకం తెప్పించి చూస్తే విషయం తెలిసింది. వంటశాల కుర్రాడు ఒడియా అంకెల్లో రాస్తాడు. ఒడియా నాలుగు అచ్చం మనం వాడే ఎనిమిదిలా ఉంటుంది, పైన కాస్త తెరుచుకుని ఉంటుందంతే. 11,435ని నేను 11,835గా చదివాను. కిందటి రీడింగు 11,025. నాలుగు వందల తేడా అక్కడే వచ్చింది.

ఆ రోజు నుంచి నెలాఖరున మీటరు ఫోటో పంపమంటున్నాను. ఫోటోలో ఇంకో సంగతి కూడా చూసుకోవాలి: నల్ల అంకెలే ఘనపు మీటర్లు, ఎర్ర గళ్లలో ఉన్నవి దశాంశాలు. మూడు ఎర్ర అంకెలూ కలిపి చదివితే వాడకం వెయ్యి రెట్లవుతుంది.

మీటరుకీ బిల్లుకీ పొంతన కుదరట్లేదు

ఇందులో మోసమేమీ లేదు. గ్యాస్ వేడికి వ్యాకోచిస్తుంది, ఒత్తిడికి కుంచించుకుపోతుంది. ఎస్‌సీఎం అంటే 15 డిగ్రీల సెల్సియస్, 1.01325 బార్ దగ్గర ఉండే పరిమాణం. మన దగ్గర గ్యాస్ 35 డిగ్రీల్లో ఉందనుకుందాం. మీటరు దగ్గర ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే 100 మిల్లీబార్లు ఎక్కువైతే మీటరు చూపే 100 ఘనపు మీటర్లు దాదాపు 103 ఎస్‌సీఎం. 21 మిల్లీబార్లే ఎక్కువైతే దాదాపు 95 మాత్రమే. కార్బన్ లెక్కకి బిల్లులోని ఎస్‌సీఎం తీసుకోండి. దాన్ని మళ్లీ మీరు సరిదిద్దకండి. బిల్లు మీద "అంచనా రీడింగు" అని ఉంటే మాత్రం అసలు రీడింగు వచ్చేదాకా ఆ నెల లెక్క పక్కన పెట్టండి.

అంతా సరిగ్గా ఉన్నా పది శాతం ఎక్కువొస్తోంది

ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు, చూస్తే కనబడదు కూడా. బిల్లులో ఇచ్చే ఉష్ణ విలువ, అంటే గ్యాస్ కాలితే వచ్చే వేడి, స్థూలం (జీసీవీ): పొగలోని నీటి ఆవిరితో పోయే వేడిని కూడా కలిపిన లెక్క. అది తీసేస్తే నికర విలువ. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల్లోని 56.1 కిలోల కార్బన్ డయాక్సైడ్, నికర విలువ ప్రకారం ఒక గిగాజౌల్ వేడికి చెప్పిన సంఖ్య. ఈ రెంటినీ నేరుగా గుణిస్తే లెక్క పెరిగిపోతుంది. సహజవాయువుకి నికర విలువ స్థూలంలో సుమారు 90 శాతం.

620 ఎస్‌సీఎం, ఒక్కో ఎస్‌సీఎంకి జీసీవీ 9,500 కిలోకేలరీలు అనుకుందాం. ఒక కిలోకేలరీ 4.1868 కిలోజౌళ్లు, కాబట్టి మొత్తం 24.66 గిగాజౌళ్లు. 56.1తో నేరుగా గుణిస్తే 1,383 కిలోలు. ముందు 0.9తో గుణించి నికరానికి మార్చితే 22.19 గిగాజౌళ్లు, కార్బన్ డయాక్సైడ్ 1,245 కిలోలు. మన కొండగుర్తు ప్రకారం 1,240, అంటే సరిపోయింది.

సిలిండర్ మానగానే ఉద్గారాలు సగమయ్యాయి

ఇది వినడానికి బావుంటుంది గానీ నమ్మకండి. అదే వేడికి ఎల్‌పీజీ గిగాజౌల్‌కి 63.1 కిలోలు, సహజవాయువు 56.1. తేడా 11 శాతమే. సగం తగ్గిందంటే ఆ నెల కొన్ని సిలిండర్లు లెక్కలోకి రాలేదన్నమాట. కొన్న సిలిండర్లు కాదు, కాల్చినవి లెక్కపెట్టాలి. 19 కిలోల సిలిండర్ పూర్తిగా కాలితే సుమారు 57 కిలోల కార్బన్ డయాక్సైడ్.

పొయ్యిలన్నీ ఆపినా మీటరు తిరుగుతోంది

వాసనొస్తే స్విచ్ ముట్టకండి, తలుపులు తీయండి, వాల్వ్ కట్టేసి బయటికొచ్చాకే బిల్లు మీదున్న అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. వాసన లేకపోయినా అనుమానముంటే రాత్రి పైలట్ మంటలతో సహా అన్నీ ఆపి ఎర్ర అంకెలు ఫోటో తీసుకోండి. పొద్దున పాలు కాచకముందే మళ్లీ తీయండి. అంకె కదిలితే కంపెనీవాళ్లని పిలవాలి. అలా పోయిన గ్యాస్‌ని 2తో గుణించకూడదు. అది కాలలేదు, మీథేన్‌గానే గాల్లో కలిసింది. వందేళ్లలో భూమిని వేడెక్కించే లెక్కన కిలో మీథేన్ సుమారు 28 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. రిపోర్టులో దానికి విడిగా ఒక వరుస పెట్టండి.