సోడా సీసా వెనుక ఎన్ని నీళ్లు? లెక్క కట్టడం ఎలా?

గోదావరి డెల్టాలో కూల్‌డ్రింకు తయారీ పాతదే. రామచంద్రపురం ఆర్టోస్‌కి నూరేళ్లు దాటాయి. సోడా యూనిట్లు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఒక్కో సీసాకి ఖర్చయ్యే మొత్తం నీటిని వాటర్ ఫుట్‌ప్రింట్ అంటారు. 2002లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఆర్యెన్ హోక్‌స్ట్రా ప్రతిపాదించిన ఈ లెక్కకి మీటరు రీడింగులు, పంచదార బిల్లులు, మురుగునీటి పరీక్ష రిపోర్టు ఉంటే చాలు.

1. నెలవారీగా పుస్తకం పెట్టండి. ఏడాది సగటు ఒక్కటే రాస్తే అసలు విషయం దాగిపోతుంది. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. అప్పుడు శివారు ఊళ్లకి చెరువులో నిలవ చేసిన నీళ్లే దిక్కు. సముద్రం దగ్గర చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లే. ఆగస్టులో తోడిన లీటరూ మేలో తోడిన లీటరూ ఒకటి కావు.

2. ప్లాంటులోకి వచ్చిన నీళ్లు కొలవండి. బోరు, కాలువ, ట్యాంకరు అన్నీ కలపాలి. 10,000 లీటర్లు తోడి 4,000 లీటర్ల డ్రింకు నింపారనుకుందాం. అంటే 300 మిల్లీలీటర్ల సీసాకి ముప్పావు లీటరు తోడినట్టు. మిగిలిందంతా ఆర్వో వదిలేసిన నీళ్లు, సీసాల కడుగు, ఆవిరి. ఇందులో తీసుకున్న చోటికే తిరిగి చేరిన నీటిని తీసేయండి. మిగిలేది నీలి నీరు.

3. పంచదార లెక్క వేయండి. దీన్ని మాత్రం వదలొద్దు, ఎందుకంటే అసలు నీళ్లు ఇక్కడే ఉన్నాయి. ప్రపంచ సగటున కిలో చెరకు పంచదారకి సుమారు 1,780 లీటర్లు పడుతుంది. సీసాలో 30 గ్రాములుంటే దాదాపు 53 లీటర్లు! చెరకు తాగిన వాన నీరు ఆకుపచ్చ నీరు, కాలువో బోరో పారించినది నీలి నీరు. బస్తా మీద మిల్లు పేరుంటుంది. ఆ ప్రాంతంలో చెరకు వేటి మీద పండుతుందో కనుక్కొని రెండుగా విడదీయండి.

4. మురుగు. డ్రెయిన్‌లో కలిసిన మలినాన్ని పలచన చేయడానికి కావాల్సిన నీరే బూడిద నీరు. వదిలిన మొత్తం మలినాన్ని, కాలువ భరించగల పరిమితికీ సహజంగా ఉండే మోతాదుకీ మధ్య తేడాతో భాగించాలి. కుళ్లే మలినం ఎంతుందో చెప్పే కొలత బీఓడీ. లీటరుకి 30 మిల్లీగ్రాముల బీఓడీ ఉన్న మురుగుని డ్రెయిన్‌లోకి వదలడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. స్నానాల రేవులో అది 3 మించకూడదు. ఆ 3నే పరిమితిగా తీసుకుని, సహజంగా 1 ఉందనుకుంటే, అలాంటి మురుగు 1,000 లీటర్లకి 15,000 లీటర్లు కావాలి. రూల్ ప్రకారమే వదిలినా ఇంత!

5. సీసా, మూత, లేబుల్‌కి అయిన నీళ్లు సరఫరాదారుని అడిగి కలపండి.

చివరగా మూడు రంగుల నీళ్లూ నెలల వారీగా విడివిడిగా రాసి, ఏప్రిల్, మే అంకెలను ముందు చూడండి. ఆ రెండు నెలల్లో నీలి, బూడిద అంకెలు పెద్దవిగా ఉంటే, చివరి కడుగు నీటిని పట్టి తర్వాతి బ్యాచ్ సీసాల మొదటి కడుగుకి వాడే ఏర్పాటుతో పని మొదలుపెట్టండి.