ఆర్డర్ షీట్ చదవడం, 3వ పాఠం: "అయిపోతుంది సార్" అంటే ఎన్ని గంటలు?

కిందటి పాఠంలో బట్టల బ్రాండ్ల కోడ్ ఆఫ్ కండక్ట్, అంటే తమకి కుట్టే ఫ్యాక్టరీలు పాటించాలని అవి పెట్టే నియమాలు, చదివాం. వారానికి 60 గంటలు దాటకూడదు, బలవంతపు ఓటీ (ఓవర్‌టైమ్) ఉండకూడదు, చెప్పకుండా బయట జాబ్ వర్క్‌కి ఇవ్వకూడదు. ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకునే ఉంటారు. ఇప్పుడు దాని పక్కనే అదే బ్రాండ్ పంపిన ఆర్డర్ షీట్, అంటే ఎన్ని పీసులు, ఏ తేదీకి అని రాసిన కాగితం, పెట్టుకోండి. కుట్టే మనిషి రాత్రి ఎన్నింటికి ఇంటికి వెళ్తుందన్నది చాలావరకు ఈ రెండో కాగితమే తేలుస్తుంది.

ఢాకాలో ప్రొడక్షన్ మేనేజర్‌ని "30వ తేదీకి అవుతుందా?" అని అడిగితే "హోయే జాబే" అంటాడు. మన "అయిపోతుంది సార్" లాంటిదే. అందులో ఒప్పుకోలు కన్నా మర్యాద ఎక్కువ. పని ఇచ్చేవాళ్ల మొహం మీద "కాదు" అనడం అక్కడా, ఇక్కడా చాలామందికి అలవాటు లేదు. హాంబర్గ్‌లో ఉన్న బయ్యర్ మాత్రం అది విని "కన్ఫర్మ్డ్" అని రాసుకుంటాడు. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. బయ్యర్‌కీ ఫ్యాక్టరీకీ మధ్యలో ఆర్డర్ నడిపించే మర్చండైజర్ ఆ మాటని అంకెల్లోకి దించాలి. ఈ పాఠంలో నేర్చుకునేది అదే.

ఒక ఆర్డర్ ఊహించుకుందాం. 24,000 పోలో షర్టులు. ఫ్యాక్టరీ రెండు లైన్లు (కుట్టు మిషన్ల వరసలు) కేటాయించింది. ఒక్కో లైన్ గంటకి 75 పీసులు కుడుతుంది. రెండూ కలిపి గంటకి 150, ఎనిమిది గంటలకి 1,200. అంటే 20 పనిరోజులు కావాలి. షీట్‌లో కుట్టుకి ఉన్నవి 16 రోజులే. తక్కువ పడేవి 4,800 పీసులు, అంటే 32 గంటలు. రోజుకి రెండు గంటల ఓటీ. ఇంతవరకు ఎలాగో నెట్టుకురావచ్చు.

ఇప్పుడు బయ్యర్ పీపీ శాంపిల్‌ని (కుట్టు మొదలుపెట్టే ముందు ఒప్పుకోవాల్సిన నమూనాని) నాలుగు రోజులు ఆలస్యంగా అప్రూవ్ చేశాడనుకోండి. షిప్‌మెంట్ తేదీ మాత్రం మార్చలేదు. మిగిలింది 12 రోజులు. తక్కువ పడేవి 9,600 పీసులు, 64 గంటలు. రోజుకి 5 గంటల 20 నిమిషాల ఓటీ! ఉదయం 8కి మిషన్ దగ్గర కూర్చున్న మనిషి, మధ్యలో గంట భోజనానికి పోగా, రాత్రి 10:20కి లేస్తుంది. లేదంటే సగం సరుకు ఎవరికీ చెప్పకుండా పక్క షెడ్డుకి వెళ్తుంది. ఎటు చూసినా కోడ్ ఆఫ్ కండక్ట్ తప్పినట్టే. ఆడిట్‌లో దొరికేది ఫ్యాక్టరీ ఒక్కటే. అప్రూవల్ నాలుగు రోజులు ఆలస్యం చేసిన బయ్యర్ మెయిల్‌ని ఆడిటర్ అడగడు.

నా మొదటి ఉద్యోగంలో నేనూ "అయిపోతుంది" విని "కన్ఫర్మ్డ్" అని మెయిల్ పెట్టాను. తర్వాత ఒక రాత్రి పదింటికి ఫ్లోర్ మీదకి వెళ్తే, ఒకావిడ పెడల్ మీద కాలు తియ్యకుండానే మిషన్‌కి తల ఆనించి కునుకు తీస్తోంది. ఆవిడ పక్కనున్న బండిల్ మీద నేను పంపిన ఆర్డర్ స్టైల్ నంబరే ఉంది. ఆ తప్పు నాది.

ఇది ఓటీతో ఆగే విషయం కాదు. 2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావార్‌లో రానా ప్లాజా గోడలు, స్తంభాలు బీటలు వారాయి. కింది అంతస్తుల్లో ఉన్న బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల గార్మెంట్ కార్మికుల్ని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. రాకపోతే జీతం ఆపుతామన్నారు. 24 ఉదయం భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు. అక్రమంగా లేపిన అంతస్తులు, వాటి మీద పెట్టిన జనరేటర్లు, యజమాని బెదిరింపులు, ఇవన్నీ కారణాలే. కానీ అవే బీటలు చూసి బ్యాంకు ఒకరోజు మూసుకోగలిగింది. షిప్‌మెంట్ తేదీ నెత్తి మీద ఉన్న ఫ్యాక్టరీకి ఒకరోజు మూసెయ్యడమంటే ఆలస్యమైన సరుకుని విమానంలో పంపే ఎయిర్ ఫ్రైట్ ఖర్చు తన మీద పడటం. అదే ఏడాది మే నెలలో ఫ్యాక్టరీల భద్రత కోసం బ్రాండ్లు, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న బంగ్లాదేశ్ అకార్డ్ ఒప్పందంలో, ప్రమాదకరమైన పని చెయ్యనని చెప్పే హక్కుతో పాటు, మరమ్మతులు చేయించుకునే స్తోమత ఫ్యాక్టరీకి ఉండేలా బ్రాండ్లు వాణిజ్య షరతులు మాట్లాడుకోవాలన్న నిబంధన కూడా ఉంది. మొదటిది అందరికీ గుర్తుంది. రెండోది చదివినవాళ్లు నాకు తక్కువగా కనిపించారు.

ఇక అడిగే పద్ధతి. "అవుతుందా?" అన్న ప్రశ్న ఈరోజు నుంచి మానెయ్యండి. "ఏ లైన్లో, ఏ రోజుకి, ఎన్ని పీసులు?" అనండి. తర్వాత "ఎనిమిది గంటల్లోనే అవ్వాలంటే ఏం మార్చాలి?" అని అడగండి. ఇలా అడిగితే ప్రొడక్షన్ మేనేజర్ "కాదు" అనక్కర్లేదు, "నాలుగు రోజులు ఇప్పించండి" అంటే చాలు. ఎండీ ముందు అడగొద్దు, ఫ్లోర్ మీద, టీ టైంలో అడగండి. బయ్యర్‌కి రాసేటప్పుడు మాత్రం మర్యాద మాటలు తగ్గించి, లెక్క ముందు పెట్టండి.

అభ్యాసం: పై ఆర్డర్‌కే, 12 రోజులే మిగిలినప్పుడు, బయ్యర్ ఇంకో 3,000 పీసులు కలిపాడు, తేదీ అదే. రోజుకి ఓటీ ఎంతవుతుంది? ఆ లెక్క చూపిస్తూ, రెండు దారులు ఇస్తూ, బయ్యర్‌కి ఐదు వాక్యాల మెయిల్ రాయండి. వచ్చే పాఠంలో ఆ మెయిల్‌ని, 2020లో కోవిడ్ సమయంలో ఆర్డర్లు రద్దయినప్పుడు బయటపడ్డ కాంట్రాక్ట్ షరతుల్ని కలిపి చదువుదాం.