అనంతగిరి అడవిలో ఒక రాత్రి ఉండాలంటే

హైదరాబాద్ నుంచి వికారాబాద్‌కు రైలు, అక్కడి నుంచి ఆటో. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి.

సంచిలో అసలు బరువు నీళ్లదే: మనిషికి రోజుకు 4 లీటర్లు, అంటే 4 కిలోలు. సీసాలు వీపుకు ఆనేలా సంచి మధ్యలో సర్దండి. బయటి జేబుల్లో పెడితే సంచి వెనక్కి లాగి భుజాలు పట్టేస్తాయి. వాగు నీళ్లు తాగాల్సి వస్తే నూలు గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టాకే క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగండి. బురద ఉంటే బిళ్ల సరిగా పనిచేయదు.

గుడారం వేసేముందు తలెత్తి చూడండి. ఎండుకొమ్మ వేలాడుతుంటే ఆ చెట్టు కింద వద్దు. వాగు ఒడ్డూ వద్దు. ఎగువన వాన పడితే రాత్రికి రాత్రే నీళ్లొస్తాయి.

ఎండాకాలంలో నేలంతా ఎండుటాకే, నిప్పు అస్సలు వద్దు. పులిహోర కట్టుకెళ్లండి.

దొడ్డికి వెళ్లాల్సి వస్తే, నీటికి 200 అడుగుల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి, పూడ్చేయండి.