విశాఖ నుంచి అమెరికా చేరిన జర్నలిజం విద్యార్థులకు: ఉపకార వేతనాలు, పురస్కారాల సంగతి

ఏటా సెప్టెంబరు మొదటి వారం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. గది దొరికింది, బియ్యం దొరికాయి, చలికోటు ఎప్పుడు కొనాలి అన్న మాటలు రెండు నిమిషాల్లో ముగిసి, మూడో నిమిషంలో అసలు ప్రశ్న వస్తుంది: "మేడం, జర్నలిజం వాళ్లకు ఇక్కడ స్కాలర్‌షిప్పులు ఏమైనా ఉంటాయా?" కంప్యూటర్ సైన్స్ చదవడానికి వెళ్లినవారికి ఏ ఊళ్లో దిగినా పది మంది తెలుగు సీనియర్లు దొరుకుతారు. జర్నలిజం చదవడానికి వెళ్లినవారికి అడుగుదామంటే మనిషి కనిపించడు. నేనూ అలాగే ఒంటరిగా వెళ్లి, చదువుకొని, కొంతకాలం పనిచేసి విశాఖపట్నానికి తిరిగి వచ్చాను కనుక, ఫోనులో విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాసి ఉంచుతున్నాను.

ఉపకార వేతనాలూ, పురస్కారాలూ తప్పకుండా ఉన్నాయి. అయితే ఈ రంగంలో వాటిలో చాలా భాగం మార్కుల కంటే ముందుగా మీరు చేసి ప్రచురించిన పనిని అడుగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మీకు వచ్చిన మొదటి శ్రేణి ప్రవేశానికి ఉపయోగపడింది. ఇక మీదట మీ పేరుతో వెలువడిన మూడు మంచి వార్తా కథనాలు దానికంటే ఎక్కువ పలుకుతాయి. అందువల్ల స్కాలర్‌షిప్పుల జాబితాల కోసం రాత్రులు వెతకడానికి ముందే, దిగిన మొదటి వారంలో క్యాంపస్ విద్యార్థి పత్రిక కార్యాలయానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోండి. అక్కడ కొత్తవారిని చేర్చుకునే సమావేశాలు సాధారణంగా సెమిస్టరు ఆరంభంలోనే జరుగుతాయి. మొదట పార్కింగు రుసుము పెంపు మీదనో, హాస్టలు భోజనం మీదనో చిన్న వార్త ఇస్తారు. దానిని చిన్నచూపు చూడకుండా ఇద్దరితో మాట్లాడే చోట నలుగురితో మాట్లాడి రాయండి.

దరఖాస్తు చేసే ముందు అర్హత షరతులను చివరి పంక్తి వరకు చదవాలి. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. మొదటి సంవత్సరం ఒక స్కాలర్‌షిప్ కోసం మూడు వారాలు వ్యాసం రాసి, ఇద్దరు అధ్యాపకులను బతిమాలి సిఫారసు లేఖలు తెప్పించుకొని, తీరా పత్రాలు జతచేసే చివరి పేజీలో అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే అన్న వాక్యం చూశాను. ఆ రాత్రి ఎంత ఏడ్చానో ఇప్పటికీ గుర్తుంది. ఆ లేఖలు రాసిన పెద్దలకు ఏమని చెప్పాలో తెలియకపోవడమే అన్నిటికంటే కష్టమనిపించింది. అక్కడి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి సహాయానికి ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవారు అర్హులు కారు. ప్రైవేటు సంస్థలు ఇచ్చేవాటిలో కొన్ని అందరికీ తెరిచి ఉంటాయి, కొన్ని ఉండవు. పౌరసత్వం, చదువు స్థాయి, మీ విశ్వవిద్యాలయానికి గుర్తింపు, ఈ మూడింటినీ ముందు సరిచూసుకుంటే మూడు వారాల శ్రమ మిగులుతుంది.

చదువు స్థాయి అని ఎందుకు అన్నానంటే, ఈ రంగంలో అందరి నోటా ముందుగా వినిపించే పేరు హర్‌స్ట్ జర్నలిజం పురస్కారాలది. 1960లో మొదలైన ఈ పోటీ గుర్తింపు పొందిన జర్నలిజం కళాశాలల్లోని డిగ్రీ విద్యార్థుల కోసం ఉద్దేశించినది. మన పిల్లలు ఎక్కువగా మాస్టర్స్ చదవడానికి వెళ్తారు కనుక ఆ పేరు విని ఆశపడి సమయం వృథా చేసుకోవద్దు. డిగ్రీకే వెళ్లినవారు మాత్రం మీ కళాశాలలో ఎంట్రీలు ఎంపిక చేసే అధ్యాపకులు ఎవరో మొదటి సెమిస్టరులోనే తెలుసుకోండి.

మాస్టర్స్ విద్యార్థులకు కూడా చోటున్నవాటిలో సొసైటీ ఆఫ్ ప్రొఫెషనల్ జర్నలిస్ట్స్ ఇచ్చే మార్క్ ఆఫ్ ఎక్సలెన్స్ పురస్కారాలు ముఖ్యమైనవి. 1909లో ఇండియానా రాష్ట్రంలోని డీపా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సంఘంగా పుట్టిన ఈ సంస్థ, ఒక క్యాలెండరు సంవత్సరంలో విద్యార్థులు ప్రచురించిన పనిని మొదట ప్రాంతీయ స్థాయిలో, తరువాత జాతీయ స్థాయిలో పరిశీలిస్తుంది. వచ్చేది పెద్ద నగదు కాకపోయినా, ఉద్యోగ దరఖాస్తులో ఆ ఒక్క పంక్తికి విలువ ఉంటుంది. 1975లో ఏర్పడిన ఇన్వెస్టిగేటివ్ రిపోర్టర్స్ అండ్ ఎడిటర్స్ సంస్థ తన పురస్కారాల్లో విద్యార్థుల పరిశోధనాత్మక కథనాలకు ప్రత్యేక విభాగం ఉంచడమే కాక, తన సమావేశాలకు వచ్చే విద్యార్థులకు ఖర్చుల సహాయం కూడా ఇస్తుంది. దక్షిణాసియా మూలాలున్నవారికి 1994లో న్యూయార్క్‌లో మొదలైన సౌత్ ఏషియన్ జర్నలిస్ట్స్ అసోసియేషన్, 1981లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ఏషియన్ అమెరికన్ జర్నలిస్ట్స్ అసోసియేషన్ ఉన్నాయి. వీటిలో విద్యార్థి సభ్యత్వం తీసుకోండి. డబ్బు రాకపోయినా, మీ మొదటి కథనాన్ని చదివి తప్పులు చెప్పగల పెద్దవాళ్లు అక్కడ దొరుకుతారు.

విదేశీ వ్యవహారాల విలేకరి కావాలన్న కోరిక ఉన్నవారు ఓవర్‌సీస్ ప్రెస్ క్లబ్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్పులను తప్పక ప్రయత్నించాలి. ప్రపంచంలోని ఏదైనా ప్రాంతం గురించో, అంతర్జాతీయ విషయం గురించో రాసిన వ్యాసమే అందులో ప్రాణం. ఇక్కడ మన విద్యార్థులు చేసే పొరపాటు ఒకటి చెబుతాను. అంతర్జాతీయం అనగానే తామెన్నడూ చూడని దేశాల యుద్ధాల గురించి గ్రంథాలయంలో చదివి రాస్తారు. వారు పుట్టి పెరిగిన ఊరు అమెరికాలోని పరీక్షకుడికి విదేశమే కదా! నిరుడు ఒక అమ్మాయి నాకు తన వ్యాసం మొదటి ప్రతి పంపింది. "చిన్నప్పటి నుంచి నాకు జర్నలిజం అంటే ఎంతో ఇష్టం" అన్నది అందులో మొదటి వాక్యం. మీ ఇంట్లోవాళ్లు మాత్రమే చెప్పగల సంగతి ఏదైనా ఉందా అని అడిగితే, కాసేపు ఆగి, గోపాలపట్నంలో ఉండే పెదనాన్న సంగతి చెప్పింది. రెండో ప్రతి ఇలా మొదలైంది: "2020 మే 7న ఇంకా తెల్లవారకముందే మా పెదనాన్న ఫోన్ చేసి, గాలి బాగోలేదు, కిటికీలు తీయకండి అన్నారు." అక్కడి నుంచి ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి, లాక్‌డౌన్‌లో వాడకం లేకుండా ఉండిపోయిన ట్యాంకులు, దక్షిణ కొరియాలోని మాతృసంస్థ, మరునాడే 50 కోట్ల రూపాయలు జమ చేయమన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశం, ఇన్నేళ్ల తరువాత ఆ వీధుల్లో తాను వెళ్లి అడగదలచిన ప్రశ్నలు వరుసగా వచ్చాయి. ఒక ఊరి వార్త రెండు దేశాల వార్త అయింది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను, ఉక్కు కర్మాగారం పెట్టుబడుల ఉపసంహరణపై 2021 నుంచి సాగిన ఆందోళన, హార్బరులో మరపడవల మీద బతికే కుటుంబాలు, ఇవన్నీ మీకు కళ్లతో తెలిసిన విషయాలు. అవి మీ దగ్గర ఉండగా అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

ఇక తెలుగులో చేసిన పని గురించి. మీలో చాలామంది ఇక్కడ ఏదో ఒక దినపత్రికకు కంట్రిబ్యూటరుగానో, డెస్కులో సబ్ ఎడిటరుగానో పనిచేసి ఉంటారు. ఆ పనిని తెలుగు అన్న కారణంతో దాచేస్తారు, అది సరికాదు. 1974 ఆగస్టు 10న ఈనాడు తొలి సంచిక వెలువడిన ఊరు మన విశాఖపట్నం. ఇక్కడి జిల్లా విలేకరిత్వం ఎంత కష్టమైన బడో బయటివారికి తెలియజెప్పవలసినది మీరే. చిక్కు ఒకటుంది. మన జిల్లా పేజీల్లో చాలా వార్తలకు ఊరి పేరు ఉంటుంది కానీ విలేకరి పేరు ఉండదు. పరీక్షకుడి చేతికి వెళ్లిన కత్తిరింపు మీద మీ పేరు కనిపించకపోతే అది మీదేనని ఎలా నమ్ముతాడు? అందుకు పత్రిక బ్యూరో బాధ్యుడి నుంచో, ఎడిషన్ ఇన్‌ఛార్జి నుంచో లెటర్‌హెడ్ మీద ఒక లేఖ తీసుకోవాలి. ఫలానా తేదీన, ఫలానా పేజీలో, ఫలానా శీర్షికతో వచ్చిన వార్త ఈమె రాసినది అని అందులో స్పష్టంగా ఉండాలి. దానికి పేజీ మొత్తం కనిపించే ఫొటో, పూర్తి ఇంగ్లిషు అనువాదం, అనువాదం ఎవరు చేశారన్న ఒక వాక్యం జతచేయండి. ఆ పైన నాలుగు పంక్తుల్లో ఆ వార్త వల్ల ఏం జరిగిందో చెప్పండి. నా దగ్గర ఉన్న పాత కత్తిరింపుల్లో ఒకటి అరచేయంత కూడా లేదు. ఒక పాఠశాలకు తాగునీటి కుళాయి లేదన్న వార్త. కాగితం పసుపుపచ్చగా మారి మడత దగ్గర చిరిగింది. అది అచ్చయిన పది రోజులకు కుళాయి వచ్చిందన్న ఒక్క వాక్యాన్నే నన్ను ఇంటర్వ్యూ చేసినవారు పట్టుకొని అరగంట ప్రశ్నలడిగారు.

సిఫారసు లేఖల విషయంలో గడియారాన్ని మరువకండి. శీతాకాలంలో న్యూయార్క్ సమయానికీ మన సమయానికీ పదిన్నర గంటల తేడా. అక్కడ అర్ధరాత్రికి ఒక్క నిమిషం ముందు ముగిసే గడువు, విశాఖలో ఉన్న మాస్టారికి మర్నాడు ఉదయం 10 గంటల 29 నిమిషాలు. ఆయనకు గడువు తేదీ మాత్రమే చెబితే తికమక తప్పదు. మన తేదీ, మన గంట రాసి, రెండు వారాల ముందుగా పంపండి. మీరు రాసిన కథనాలు, వ్యాసం ముసాయిదా కూడా జతచేస్తే, "క్రమశిక్షణ గల విద్యార్థి" అన్న అలవాటు మాటల స్థానంలో మీ పని గురించిన మాటలు వస్తాయి. నిజానికి మీ పనిని దగ్గరగా చూసిన డెస్కు ఇన్‌ఛార్జి రాసే లేఖ, మిమ్మల్ని పేరుతో కూడా ఎరగని పెద్ద ఆచార్యుడి లేఖ కంటే ఎంతో మేలు.

విశ్వవిద్యాలయంలోనే దొరికే అసిస్టెంట్‌షిప్‌ను, అంటే చదువుకుంటూ అక్కడే చేసే జీతపు పనిని కూడా స్కాలర్‌షిప్‌గానే చూడండి. జర్నలిజం విభాగంలో ఖాళీ లేకపోతే క్యాంపస్ రేడియో కేంద్రం, రచనా సహాయ కేంద్రం, గ్రంథాలయం, వార్తా సంబంధాల కార్యాలయం అడిగి చూడండి. తరగతులు నడిచే రోజుల్లో ఎఫ్-1 విద్యార్థి చేసే క్యాంపస్ పని వారానికి 20 గంటలు మించకూడదు. మన రంగంలో ఇంకో జాగ్రత్త అవసరం. కొన్ని విద్యార్థి పత్రికలు విశ్వవిద్యాలయానికి చెందకుండా స్వతంత్ర సంస్థలుగా నడుస్తాయి. బయటి పత్రికలు కథనానికి ఇంత అని పారితోషికం ఇస్తామంటాయి. అనుమతి లేకుండా ఆ డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు. ఒక్క డాలరు చేతికి రాకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని అధికారిని అడిగి, సమాధానాన్ని ఈమెయిలులో తీసుకొని దాచుకోండి.

వచ్చిన డబ్బుపై పన్ను కూడా ఉంటుంది. ట్యూషన్ ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు పోయే స్కాలర్‌షిప్ భాగంపై పన్ను లేదు. అద్దెకూ భోజనానికీ ఇచ్చే భాగంపై సాధారణంగా 14 శాతం ముందే మినహాయిస్తారు. అంటే వెయ్యి డాలర్లలో 860 చేతికి వస్తాయి. పోటీలో గెలిచిన నగదు బహుమతిపై కోత ఇంకా ఎక్కువ. మీకు ఇచ్చిన డబ్బునూ, కోసిన పన్నునూ చూపుతూ మార్చిలో వచ్చే 1042-ఎస్ పత్రాన్ని పారేయకుండా, విదేశీయులు వేసే 1040-ఎన్ఆర్ పన్ను రిటర్ను వేయండి. భారత్, అమెరికా పన్ను ఒప్పందం 21వ అధికరణం మన విద్యార్థులకు ప్రామాణిక తగ్గింపును, అంటే ఆదాయంలో కొంత మొత్తంపై పన్ను లేకుండా చూపుకోవడాన్ని, అనుమతిస్తుంది కనుక, కోత పెట్టినదాంట్లో కొంతైనా తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది.

ఇంకా ఇక్కడే ఉండి ఈ మాటలు చదువుతున్నవారికి కొంచెం. అమెరికాలో చదవడానికి ఇచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్ ఉంది. అందులో జర్నలిజం ఉందో లేదో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. దానికి కనీసం మూడేళ్ల పని అనుభవం కావాలి, చదువయ్యాక స్వదేశానికి రావాలి. బ్రిటన్‌లో చదవడానికి ఆ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. ఐరోపాలో డెన్మార్క్‌లోని ఆర్హుస్ కేంద్రంగా, ఐరోపా సమాఖ్య పథకమైన ఎరాస్మస్ ముండస్ పేరుతో నడిచే జర్నలిజం మాస్టర్స్ ఉంది. ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ పొందినవారికి నెలకు 1,400 యూరోలు వస్తాయి. వీటన్నిటికీ విమానం ఎక్కడానికి ఏడాది ముందు నుంచే సిద్ధపడాలి. కనుక విశ్వవిద్యాలయం నుంచి సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు (మార్కుల వివరాల పత్రాలు) నాలుగైదు కవర్లు ఎక్కువే తీసుకోండి, పత్రిక కార్యాలయంలో మీ వార్తలకు సాక్ష్య లేఖ రాయించుకోండి. ఆ లేఖ ఇవ్వగల ఇన్‌ఛార్జి రేపు వేరే ఎడిషన్‌కు బదిలీ కావచ్చు, కాబట్టి ఈ వారమే వెళ్లి అడగండి.