జీవిత చరిత్ర రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: రెండు గడుల పద్ధతి

గత పాఠంలో ఒక వ్యక్తి జీవిత ఘట్టాలను కాలక్రమంలో పేర్చడం అభ్యాసం చేశాం. ఈసారి ఆ వ్యక్తి బతికిన చరిత్రను, తరువాతివారు ఆయనను స్మరించిన చరిత్రను విడదీయడం నేర్చుకుందాం. ఉదాహరణకు కొరియా నౌకాసేనాని యీ సున్-సిన్‌ను తీసుకుంటున్నాను.

నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు గడులు చేసి, ఎడమవైపు జీవితం, కుడివైపు స్మృతి అని రాయండి. ఎడమ గడిలో ముందుగా చేరేవి: 1576లో సైనిక పరీక్షలో ఉత్తీర్ణత, 1592లో జపాన్ దండయాత్ర, అదే ఏడు హన్సాన్ ద్వీపం దగ్గర విజయం, 1597లో పదవి పోయి చెరసాల పాలవడం.

తరువాతిది మ్యొంగ్న్యాంగ్ యుద్ధం. పదవి తిరిగి దక్కిన ఆయన కేవలం 13 నౌకలతో, 130కి పైగా ఉన్న శత్రునౌకలను ఇరుకైన జలసంధిలో ఎదిరించాడు. ఆయన నాడు రాసుకున్న దినచర్య (డైరీ)లో ఉన్న తేదీ తొమ్మిదో నెల 16. దీనిని సెప్టెంబర్ 16గా రాయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. అది చాంద్రమాన తేదీ, నేటి లెక్కలో 1597 అక్టోబర్ 26. అయితే పాత తేదీని కొట్టివేయకండి. అక్కడి నెల అమావాస్యతో మొదలవుతుంది కనుక 16వ రోజంటే ఇంచుమించు పౌర్ణమి, అంటే ఆటుపోట్లు ఉధృతంగా ఉండే సమయం. ఆ యుద్ధంలో ప్రవాహం ఎంత ముఖ్యమో తెలిసినవారికి ఈ ఒక్క అంకె ఎంతో చెబుతుంది. 1598లో నోర్యాంగ్ యుద్ధంలో తూటా తగిలి ఆయన మరణించడంతో ఎడమ గడి ముగుస్తుంది.

కుడి గడిలో మొదటిది 1643లో రాజు ప్రసాదించిన చుంగ్ముగోంగ్ బిరుదు. ఆయన స్వయంగా రాసిన దినచర్య కూడా, పేరు విషయంలో, ఈ గడికే చెందుతుంది: నాన్‌జుంగ్ ఇల్గి అనే పేరును 1795లో ఆయన రచనలను సంకలనం చేసినవారు పెట్టారు. ఆసాన్‌లోని హ్యొన్‌చుంగ్సా స్మారక మందిరాన్ని 1706లో కట్టారు. కొరియా జపాన్ పాలనలో ఉండగా ప్రజలు చందాలు వేసుకుని 1932లో పునర్నిర్మించారు. 1960లలో దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ ప్రభుత్వం విస్తరించింది. ఒకే మందిరమైనా మూడు వేర్వేరు పద్దులుగా రాయండి, ఎందుకంటే ఒక్కోసారి కట్టినవారి అవసరం వేరు. సియోల్‌లోని గ్వాంగ్‌హ్వామున్ విగ్రహం 1968 నాటిది. దాని కుడిచేతిలో ఒరతో ఉన్న కత్తిని చూసి, కుడిచేతివాటం వాడు ఒర నుంచి కత్తి ఎలా దూస్తాడని కొందరు ఆక్షేపించారు. ఆ వాదం విగ్రహానికి సంబంధించినది, సేనానికి సంబంధించినది కాదు.

అభ్యాసం: కొరియాలో ఏటా ఏప్రిల్ 28న ఆయన జయంతి జరుపుతారు. ఆయన పుట్టింది 1545లో, చాంద్రమానం ప్రకారం మూడో నెల 8న. ఏప్రిల్ 28 అన్నది 1582లో గాని అమలులోకి రాని గ్రెగోరియన్ కేలండర్‌ను వెనక్కి లెక్కించి తేల్చిన తేదీ. దీనిని ఏ గడిలో రాస్తారో, ఎందుకో రెండు వాక్యాల్లో వివరించండి. మీ జవాబును 5వ పాఠంలోని జవాబుతో సరిచూసుకోవచ్చు.