ఎన్నికల నియమావళి కాలంలో పిక్కల వ్యాపారి డబ్బు జాగ్రత్తలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు రాలే రోజుల్లోనే సార్వత్రిక ఎన్నికల నియమావళి కూడా వచ్చిపడుతుంది. 2024లో షెడ్యూలు మార్చి 16న వెలువడగా, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగు మే 13న, లెక్కింపు జూన్ 4న జరిగాయి. అందువల్ల పలాస చుట్టుపక్కల పిక్కలు కొనే వ్యాపారి, డబ్బు చేతులు మారే పద్ధతిని ఫిబ్రవరిలోనే ఖాయం చేసుకోవాలి.

రైతుకు వీలైనంతవరకు బ్యాంకు ఖాతాలోనే చెల్లించండి. 80 కిలోల బస్తాల లెక్కన కొనేచోట పది బస్తాలకే మొత్తం 50,000 రూపాయలు సులువుగా దాటిపోతుంది. ఆధారాలు లేకుండా అంతకు మించిన నగదు తీసుకువెళ్తే, ముఖ్యంగా ఒడిశా సరిహద్దున ఇచ్ఛాపురం వైపు, తనిఖీల్లో స్వాధీనం చేసుకునే అవకాశముంది. నగదు తప్పనిసరైతే బ్యాంకులో తీసినట్టు చూపే రసీదు, పాసుపుస్తకం, సరుకు ఎవరి దగ్గర కొంటున్నారో తెలిపే చీటీ, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. పైకం పట్టుకుంటే అక్కడ వాదించడం దండగ: స్వాధీన పత్రం అడిగి తీసుకుని, అందులో చెప్పిన విధంగా జిల్లా స్థాయి కమిటీకి అప్పీలు చేసుకోవాలి. మొత్తం 10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకూ సమాచారం వెళ్తుంది.

ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టర్ల సంగతి వేరు. క్షేత్రంలో మొదలుకాని పని ఆగుతుంది, మొదలైనది సాగుతుంది, పూర్తయిన పనికి చెల్లింపును నియమావళి అడ్డుకోదు. అయినా ప్రభుత్వం మారితే బిల్లులు నెలల తరబడి నిలిచిపోవచ్చు గనుక, ఎం.బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు షెడ్యూలుకు ముందే ఎక్కించుకోవాలి. బిల్లు వస్తుందన్న ధీమాతో వడ్డీకి అప్పు తేకూడదు. వారికి సిమెంటు అరువిచ్చే దుకాణదారులకూ ఇదే వర్తిస్తుంది.